అప్‌డేట్: స్కోప్ జీరో ఇప్పుడు నిలుస్తోంది

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మీద స్కోప్ జీరో (గురిపెట్టిన చోటే పెల్లెట్ పడేలా చేసిన సెట్టింగ్) ఎందుకు నిలవట్లేదని ఇంతకుముందు అడిగాను కదా, సమస్య తీరింది. సమాధానమిచ్చిన అందరికీ థాంక్స్. మీలో ఒకరు చెప్పింది నిజమే: లోపల స్ప్రింగ్ తోసే పిస్టన్ వల్ల రైఫిల్ మొదట వెనక్కి తన్ని, వెంటనే ముందుకు కుదుపుతుంది. మామూలు స్కోపులు ఆ రెండో దెబ్బకి తట్టుకోవు. పాతది చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంది!

ఎయిర్‌గన్ కోసమే చేసిన 3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్సు 40 మి.మీ.) తీసుకున్నాను. పారలాక్స్‌ని (కన్ను కదిలితే గురి జరిగినట్టు కనిపించడం) 10 గజాల దగ్గరి దూరం దాకా సరిచేసుకోవచ్చు. అసలు తేడా తెచ్చింది మాత్రం స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే, స్టాప్ పిన్ ఉన్న సింగిల్ పీస్ మౌంట్. పిన్ రిసీవర్ (స్కోప్ బిగించే రైఫిల్ భాగం) మీది గుంటలో కూర్చున్నాక స్కోప్ వెనక్కి జారడం ఆగిపోయింది.

25 గజాల్లో పెల్లెట్లు అంగుళం కిందకి పడుతుంటే పైకి 16 క్లిక్కులు తిప్పాను. పావు ఎంఓఏ (కోణపు కొలత, ఒక ఎంఓఏ అంటే 100 గజాల్లో దాదాపు అంగుళం) క్లిక్ ఆ దూరంలో జరిపేది అంగుళంలో పదహారో వంతే. ఇప్పుడన్నీ ఒకేచోట పడుతున్నాయి, చాలా సంతోషంగా ఉంది. మౌంట్ స్క్రూల బిగువు మాత్రం అప్పుడప్పుడు చూసుకుంటున్నాను.