క్లాస్‌మేట్ల గ్రూపులో ‘ఏం కూర?’ కబుర్లు ఆపాలా, వద్దా?

అడ్మిన్ తిప్పలు:
పశ్చిమ గోదావరిలో మాది జెడ్పీ హైస్కూలు. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకి నేనూ ఒక అడ్మిన్‌ని. మొన్న ఒకడి నాన్నగారు పోయారు. తెల్లవారుజామునే గ్రూపులో పెట్టాడు పాపం. దాని మీద పెసరట్టు ఫోటో, ‘ఉప్మా ఏదిరా’ అని నలుగురు, గుడ్ మార్నింగ్ గులాబీలు వచ్చి పడ్డాయి. ఊళ్ళో ఉన్నవాళ్ళు కూడా కొందరు దహనం అయిపోయాకే చూశారు. ఇప్పుడు సగం మంది ముఖ్యమైనవి తప్ప ఏమీ పెట్టకూడదని రూలు పెట్టమంటున్నారు. మిగతా సగం, అలాగైతే గ్రూపు ఎందుకంటున్నారు. మీరేమంటారు?

డాలస్ నాన్న:
రూలు పెట్టాల్సిందే. మీకు పొద్దున ఏడైతే ఈ వేసవిలో నాకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పిల్లల్ని పడుకోబెడుతుంటే టింగ్ టింగ్‌మని ఇడ్లీలు దిగుతాయి. మ్యూట్ చేస్తే అసలు కబురు తెలియదు. స్నేహం అంటే టిఫిన్ల లెక్క చెప్పుకోవడమా?

షార్జా స్టీరింగ్:
అన్నా, నీ బాధ సరే గానీ నా సంగతి విను. మాది నిజామాబాద్ దిక్కు. ఇక్కడ షార్జాల వాట్సాప్ కాల్ నడవదు, మెసేజ్, వాయిస్ మెసేజ్‌లే దిక్కు. చావులు, పెళ్లిళ్లు మాత్రమే పెడితే నేనేం చేసుకోవాలె? ఎట్లాగూ రాలేను. ‘వాన దంచుతోంది, కరెంటు పోయింది, అంగట్ల టమాట పారబోస్తున్నరు’ అని ఒకడు వాయిస్ పెడితే, వెనక వాళ్ళమ్మ తిట్టుడు కూడా వినబడుతది. రూమ్‌ల నలుగురం మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటం.

రెండు బాణాలు:
కబుర్లను తిడతారేంటండీ, అసలు చెత్త ఫార్వర్డులది. మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా 2018లోనే కట్టడి చేశారు. బాగా తిరిగి రెండు బాణాల గుర్తు పడ్డ మెసేజ్‌ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. అయినా మనవాళ్ళు ఓపిగ్గా ఒక్కో గ్రూపుకీ పంపుతూనే ఉన్నారు! రెండు బాణాలుంటే తీసేస్తానని చెప్పండి. అడ్మిన్ ఎవరి మెసేజ్ అయినా అందరికీ కనబడకుండా డిలీట్ చేయొచ్చు. సొంతంగా వేసుకున్న పెసరట్టు జోలికి మాత్రం వెళ్ళొద్దు.

గుంటూరు గోంగూర:
ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటుంది. మా బ్యాచ్‌లో ఆడవాళ్ళం పదకొండు మందిమి. మా ఫోన్లు ఇంట్లో ఎవరైనా తీసి చూస్తారు. ‘నిన్న మా ఆయనతో గొడవ’ అని రాయగలమా? రాయలేం. ‘ఇవాళ కూర వండలేదు, పచ్చడి మెతుకులే’ అని రాస్తాం. నా ఫ్రెండ్ అలా రాసిందంటే నేను మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. మీకది టిఫిన్ల లెక్క. ఆపేస్తే మగవాళ్ళు టీకొట్టు దగ్గర కలుస్తారు, మేమెక్కడ కలవాలి?

డాలస్ నాన్న:
మీరు చెప్పాక ఆలోచించాల్సిన విషయమే. కానీ దానికి ఆడవాళ్ళు వేరే గ్రూపు పెట్టుకోవచ్చు కదా?

గుంటూరు గోంగూర:
అప్పుడు ‘అందులో ఏం మాట్లాడుకుంటున్నారు’ అని ఇంట్లో అడుగుతారు. అందరూ ఉన్న గ్రూపు కాబట్టే ఎవరూ అడగరు.

షార్జా స్టీరింగ్:
అక్క కరెక్టు చెప్పింది.

అడ్మిన్ తిప్పలు:
వాట్సాప్‌లో కొన్ని గ్రూపుల్ని ఒక గొడుగు కిందికి తెచ్చే కమ్యూనిటీ అని ఉంది కదా, 2022లో వచ్చింది. అందులో ప్రకటనల గ్రూపులో అడ్మిన్లే రాస్తారు. చావు, ఆపరేషన్, రక్తం కావాలి లాంటివి అక్కడ, పెసరట్లు ఇక్కడ. ఎలా ఉంటుంది?

రెండు బాణాలు:
బాగానే ఉంటుంది గానీ, తండ్రి పోయినవాడు ముందు అడ్మిన్ ఎప్పుడు లేస్తాడా అని కూర్చోవాలా? చావు కబురు ఫోన్ చేసి చెప్పేదండీ. ఊళ్ళో ఉన్నవాళ్ళలో నలుగురు ఆ పని నెత్తినేసుకుంటే గ్రూపుతో పనే లేదు.

డాలస్ నాన్న:
నాకెవరు చేస్తారు ఫోను? నా ఓటు ప్రకటనల గ్రూపుకే.

గుంటూరు గోంగూర:
పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. అడ్మిన్లు ఎంతమంది, అందులో ఆడవాళ్ళు ఎందరో ముందు చెప్పండి.