అప్‌డేట్: మా పెరట్లోకి కప్పలు వచ్చాయి

వానాకాలం ముందు నేను అడిగింది ఇదీ: నల్లగొండలో మా ఇంటి వెనక మడుల్లో వంగ, పాలకూర ఆకులను పురుగులు కొట్టేస్తున్నాయి, కప్పలు రావాలంటే ఏం చేయాలి అని. మందు కొట్టడం ఆపి, నీడ, నీళ్లు పెట్టమన్నారు.

మందు పూర్తిగా మానేశాను. కప్ప నీళ్లను చర్మంతోనే పీల్చుకుంటుందని, ఆ మందు కూడా అలాగే ఒంట్లోకి పోతుందని తెలిశాక చెయ్యి రాలేదు. పగిలిన కుండను బీరపాదు కింద బోర్లించి, దూరేంత సందు వదిలాను. వెడల్పాటి మట్టి మూకుడును నేల మట్టానికి పాతి, ఎక్కి బయటికి రావడానికి లోపల రాళ్లు పేర్చాను. నల్లా నీళ్లు ఒకరోజు బకెట్‌లో ఉంచాకే అందులో పోస్తున్నాను.

రెండో పెద్ద వానకు కుండ కింద బుడిపెల కప్ప కనిపించింది! అమ్మ వెంటనే చిన్నప్పటి కప్పతల్లి ఆటలు గుర్తు చేసుకుంది. ఇప్పుడు మూడున్నాయి. రాత్రి టార్చ్ వేస్తే మడుల మధ్యే తిరుగుతుంటాయి. పాలకూర ఆకులకు చిల్లులు బాగా తగ్గాయి, వంకాయలో కాయ తొలిచే పురుగు మాత్రం అలాగే ఉంది.

ఒక్కటే టెన్షన్ పడ్డాను. మా కుక్క ఒకదాన్ని నోట కరుచుకుని నురగలు కక్కింది. ఆ కప్పల చర్మంలో విషం ఉంటుందట. వెంటనే నోరు కడిగి డాక్టర్‌కు చూపించాం, కోలుకుంది. రాత్రిళ్లు దాన్ని ముందు వాకిట్లోనే కట్టేస్తున్నాం.