సమస్యాపూరణం: ‘అలసిపోయినవారికే యలుపు తీరె’

నిర్వాహకుడు: ఈసారి సమస్య తేటగీతి పాదం; ఇది నాలుగో పాదంగా వచ్చేలా మిగతా మూడూ మీరు పూరించాలి. విషయం మిత్రులతో అడవిలో నడక. అలసినవారికే అలుపు తీరడం ఎలాగో పద్యం ఒప్పించాలి. నాలుగో గణం (పాదంలోని అక్షరాల విభాగం) మొదట యతి, అంటే పాదం తొలి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరం, రావాలి. దాని బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది.

పథికుడు:

వారమెల్లను గదిలోన బడలినట్టి
మనసు పచ్చని నీడలో మరల విచ్చె
నేస్తగాండ్రతో గుట్టలు నేడు తిరుగ
నలసిపోయినవారికే యలుపు తీరె

నిర్వాహకుడు: విరోధం చక్కగా విడిపోయింది. అలసినది ఒళ్లు, తేరుకున్నది మనసు. పర్యావరణ మనస్తత్వవేత్తలు రాచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ చెప్పినదీ ఇదే. పట్టుబట్టి ఒక్క పనిమీద నిలిపే ధ్యాస అలసిపోతుంది. ఆకుల కదలిక, నీటి చప్పుడు మన ప్రయత్నం లేకుండానే చూపునూ చెవినీ తమవైపు తిప్పుకుంటాయి గనుక దానికి విశ్రాంతి దొరుకుతుంది. మీ రెండో పాదంలో అదంతా ఉంది. ‘తిరుగ’ ద్రుతాంతం (చివర నకారం చేరే పదం) కాబట్టి ‘నలసి’ అనడం సరైనదే. యతికి అచ్చునే లెక్కిస్తాం.

చెలమ: రెండో పాదం నాకూ ఎంతో నచ్చింది. అయితే ఒళ్లు అలసిన జాడ పద్యంలో కనిపించడం లేదు. ‘గుట్టలు’ తీసి ‘రొప్పుచు’ అంటే గణం చెడదు, ఆయాసమూ వినిపిస్తుంది. ఇక నా పూరణ:

మాట తోడుగ నడచిన బాట యెల్ల
చెలుల పొత్తున బొడవని చెప్ప రెవరు
వాగు నీరది చల్లగ బదము సోక
నలసిపోయినవారికే యలుపు తీరె

పథికుడు: ‘రొప్పుచు’ స్వీకరిస్తున్నాను. మీ మొదటి పాదంలో మాట–బాట ప్రాసయతి ఎంత సహజంగా పడిందో! తోడున్నవారి కబుర్లలో దూరం తెలియకపోవడం నడిచిన ప్రతివారికీ అనుభవమే. వాగు వచ్చింది, చెట్టు మాత్రం ఒక్కటీ రాలేదు. అడవి అని మనమే ఊహించుకోవాలి.

కొత్త సభ్యుడు: నా తొలి ప్రయత్నం.

అడవి గాలిలో ఔషధం ఉన్నదనగ
కదలి పోదము మిత్రులు కలసి రండు
కాళ్లు నొచ్చిన నేమాయె గలత మాసె
నలసిపోయినవారికే యలుపు తీరె

నిర్వాహకుడు: స్వాగతం. మూడో పాదం అందరి పూరణల్లోకీ బలమైనది; నొప్పినీ తేలికదనాన్నీ ఒకే ఊపిరిలో చెప్పింది. మొదటి పాదంలో అకారానికి ఉకారంతో యతి కుదరదు. పైగా రండని పిలిచిన వెంటనే ‘మాసె’ అంటే నడక ఎప్పుడు జరిగిందో తెలియదు. ఇలా మార్చి చూడండి:

అడవి గాలిలో బ్రాణమ్ము లలరు ననుచు
కదలి పోయితి మిత్రులు కలసి రాగ

‘ఔషధం’ తీసేయడానికి యతి ఒక్కటే కారణం కాదు. జపాన్ అటవీ శాఖ 1982లో ‘షిన్రిన్ యోకు’, అంటే అడవి స్నానం, అన్న పేరుతో ఈ అలవాటును ప్రచారంలోకి తెచ్చింది. చెట్లు విడిచే సుగంధ ద్రవ్యాల మీద అప్పటినుంచి పరిశోధనలు జరుగుతున్నాయి. అంతమాత్రాన గాలిని మందు అనేస్తే నడకలోని ఆనందం చికిత్స స్థాయికి కుదించుకుపోతుంది. మనం వెళ్లేది బాగుంటుందని!

చెలమ: కొత్త సభ్యుడి మూడో పాదం నాకు కంఠతా వచ్చేసింది. నా పద్యంలోకి చెట్టును తీసుకురావడానికి ‘చెలుల పొత్తున’ పాదాన్ని మళ్లీ రాస్తాను.

నిర్వాహకుడు: రాయండి. ఇంతవరకు వచ్చిన పూరణల్లో మిత్రులు మాట్లాడుతున్నారు, లేదా ఊరికే వెంట ఉన్నారు. ఎక్కుడులో ముందు నడిచేవాడు వెనకవాడికోసం ఆగి చెయ్యి అందించడం మీద ఎవరైనా పూరిస్తే చదవాలని ఉంది.