బీరువాలో వెండిరంగు పురుగులు. చెదలేనా?

నంగనల్లూరు కోడలు:
మాది చెన్నై నంగనల్లూరులో గ్రౌండ్‌ఫ్లోరు. నవంబరు వానలు పట్టినప్పటి నుంచీ చెక్క బీరువాలో ఏవో పురుగులు. రాత్రి లైటు వేయగానే సర్రున జారి సందుల్లో దూరిపోతాయి. గోరంత పొడవు, వెండి రంగు, నలిపితే వేళ్లకు బూడిదరంగు పొడి అంటుతుంది. మామయ్యగారు బైండు చేయించుకున్న పాత వారపత్రికల అట్టలు పైపైన గీకినట్టున్నాయి. గంజి పెట్టి దాచిన వెంకటగిరి చీరకు మడతల దగ్గర చిల్లులు. అత్తయ్య చెదలే అంటున్నారు. పెస్ట్ కంట్రోల్ అతనేమో వచ్చి చూడకుండానే, ఇల్లంతా మందు కొట్టాలని ఫోన్లోనే తేల్చేశాడు. ఇంట్లో పాకే పిల్లాడున్నాడు. ఏం చెయ్యమంటారు?

బైండింగ్ బాబాయ్:
చెద కాదమ్మా, సిల్వర్‌ఫిష్. తోక చూడు, మూడు పోగులుంటాయి. ముందు రెండు పొడుగు మీసాలు, రెక్కలుండవు. చెదైతే గోడ మీద మట్టి దారి కట్టి, చెక్కను లోపల్నుంచి డొల్ల చేసేస్తుంది. ఇది పైపొర గీక్కుని తింటుంది. దీనికి కావలసింది పిండిపదార్థం. పాత బైండింగులకు మైదా జిగురే కదా, అందులో మైలతుత్తం కలపకపోతే దీనికి పండగే. నీ చీరకేమో గంజి! కుట్టదు, రోగాలు తేదు. కానీ మహా మొండిది, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది.

గిండీ గోపి:
కలరా ఉండలు నాలుగు పడేయండి, అంతే. మా ఇంట్లో ఎప్పట్నుంచో అదే.

అడయారు అక్క:
గోపీ, పాకే పిల్లాడున్నాడని చెప్తోందిగా! దొరికితే నోట్లో పెట్టుకుంటాడు. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పసివాళ్లకైతే ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలే చితికిపోతాయి. బోరిక్ పౌడర్ బాగానే పనిచేస్తుంది, కానీ అదీ పిల్లాడి చెయ్యి అందని సందుల్లోనే, పలచగా. నేనైతే ముందు సీసా పెడతాను. పాత హార్లిక్స్ గాజు సీసాకు బయట కాగితం టేపు చుట్టి, లోపల బ్రెడ్డు ముక్క వేసి, రాత్రి బీరువా పక్కన ఉంచు. టేపు పట్టుకుని ఎక్కి లోపల పడతాయి, గాజు నున్నగా ఉంటుంది కాబట్టి పైకి రాలేవు. ఎక్కడ ఎక్కువున్నాయో పొద్దున్నే తెలిసిపోతుంది.

నంగనల్లూరు కోడలు:
సీసా పెట్టా అక్కా, బాగానే పడ్డాయి. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా చెమ్మ, సున్నం పొక్కులు పొక్కులుగా రాలుతోంది. గోడకు అవతల బాత్రూమ్.

బైండింగ్ బాబాయ్:
అదీ సంగతి. గాలిలో తేమ 75 శాతం దాటితే వీటికి స్వర్గం. టైల్స్ సందులు పూడ్పించి, లీకు ఆపించందే ఏ పొడి చల్లినా మళ్లీ వస్తాయి. బీరువాను గోడకు ఆనించకు, జానెడు దూరం ఉంచు. పత్రికల్ని కవర్లో పెట్టి, గాలి తీసి, మూతి బిగించి, రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచు. తీశాక మామూలు వేడికి వచ్చేదాకా కవరు విప్పకు, కాగితానికి నీరు పడుతుంది.

నంగనల్లూరు కోడలు:
ఫ్రీజరా! అత్తయ్యను ఒప్పించడం మీ వల్ల అవుతుందా బాబాయ్? పోనీ, చీరలు కూడా అందులోనేనా?

అడయారు అక్క:
నూలు చీరలకు అంత అవసరం లేదు. గంజి పూర్తిగా వదిలేలా ఉతికి, బాగా ఆరాక మడిచిపెట్టు. కట్టుకునే ముందు రోజు గంజి పెట్టుకుంటే చాలు.