తలకాయ పలుగుతుంది, ఉప్పు నీళ్లు తాగితే లంకణం చెడుతదా?

మిల్లు పోరడు, మిర్యాలగూడ
నిన్న తొలి ఏకాదశి గదా. అమ్మ ఒక్కపొద్దుంటది. నేను గూడ ఈసారి 72 గంటలు ఉత్త నీళ్ల మీద ఉందామని మొదలుపెట్టిన. వయసు 36, బరువు 94 కిలోలు. షుగర్, బీపీ లేవు, పోయిన నెలనే చూపించుకున్న. శివరాత్రికి తప్ప ఎన్నడూ పస్తులున్నోణ్ణి కాదు.

ఇప్పటికి 31 గంటలైంది. ఆకలి అంత లేదు గని పొద్దుగాల సంది కణతల కాడ పట్టుకున్నది, ఇప్పుడు తలకాయ మొత్తం బిగిచ్చి కట్టినట్టుంది. బిరాన లేస్తే కండ్ల ముందట చీకట్లు. నీళ్లు తక్కువైనయేమో అని నాలుగు లీటర్లు తాగిన, తాగినయి తాగినట్టే పోతున్నయ్. దోస్తు ఒకడు "ఒంట్ల మురికి పోతుందిరా, ఓర్సుకో" అంటుండు. బామ్మర్దేమో నీళ్లల్ల ఉప్పేసుకొమ్మంటుండు. ఎవరి మాట వినాలె? అమ్మ పేలపిండి గిన్నె తెచ్చి నా ముందల్నే పెట్టింది, అది వేరే పరీక్ష.

గట్టు భక్తుడు
ముందుగాల మాట సరిచేసుకో తమ్ముడూ. ఒక్కపొద్దంటే ఒక పూట తినుడు. నువ్వు చేసేది లంకణం. ఇగ తలనొప్పంటవా, అది మంచి గుర్తు. పూడిక తీసేటప్పుడు బాయిల నీళ్లు మురికైతయా కావా? ఏండ్ల సంది పేరుకున్నది కదిలితే నొప్పి పుట్టదా? నేను చెరువుగట్టు మీద జాగారం చేసినప్పుడల్లా తెల్లారంగ ఇట్లనే ఉంటది, మాపటికి పోతది. ఉప్పేసినవంటే అది లంకణం కాదు, పథ్యం. లంకణం పరమౌషధం అని పెద్దోళ్లు ఊకెనే అన్లేదు.

సిస్టరమ్మ, పాలమూరు
బాయి ముచ్చట వినేటందుకు మంచిగుంది. ఏ మురికి, ఏడ పేరుకున్నది, దాని పేరేంది అని అడిగితే మాత్రం ఎవ్వరు చెప్పరు. ఒంట్ల చెత్తను రోజూ పారబోసేటందుకు కాలేయం, మూత్రపిండాలు ఉన్నయ్, అవి ఏకాదశి దాక ఆగవు.

తమ్ముడూ, ఒక్కటి చెప్పు. రోజుకు ఎన్ని చాయలు తాగుతవ్?

మిల్లు పోరడు
మిల్లుల ఆరేడు అయితయక్కా. నిన్నటి సంది ఒక్కటి గూడ లేదు.

సిస్టరమ్మ, పాలమూరు
సగం రోగం దొరికింది. రోజూ చాయ తాగెటోళ్లు ఒక్కసారే బంజేస్తే 12 నుంచి 24 గంటల్లోపట తలనొప్పి మొదలైతది, ఒకటి రెండు రోజులకు బాగా ఎక్కువైతది, కొందరికి వారం దాటినా ఉంటది. చాయల ఉండే కెఫిన్ మెదడుల రక్తనాళాలను కొంచెం బిగవడతది. అది లేకపోయేసరికి అవి వదులైతయ్, రక్తం ఎక్కువ పారుతది, నొప్పి లేస్తది. నువ్వు అన్నం తిన్నా ఈ నొప్పి వచ్చేదే.

మిగిలిన సగం ఉప్పు. తినకపోతే ఇన్సులిన్ పడిపోతది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పుల ఉండే సోడియంను పట్టుకోవు, ఇడిచిపెడతయ్. ఉప్పు యెంబడి నీళ్లు. అందుకే మొదటి రెండు మూడు రోజులు మాటిమాటికి ఒంటికి పోవాల్సి వస్తది, కాంటా మీద రెండు కిలోలు తగ్గినట్టు కనవడతది. అది కొవ్వు కాదు, మురిసిపోకు. లేస్తే చీకట్లు వచ్చేది గూడ ఇందుకే, బీపీ దిగుతది. నువ్వేమో ఇంకో నాలుగు లీటర్ల ఉత్త నీళ్లు పోసినవ్, ఉన్న ఉప్పు ఇంకింత పల్చనైంది.

తలనొప్పుల డాక్టర్లు రాసుకున్న వర్గీకరణల "ఉపవాసపు తలనొప్పి" అని దీనికి వేరే పేరే ఉంది. కనీసం 8 గంటలు తినకుంటే వచ్చేది, తిన్నంక తగ్గేది. మురికి పోవుడు అని అందుల ఏడ లేదు.

రెండు లీటర్ల నీళ్లల్ల అర చెంచా ఉప్పు కలుపుకొని రోజంతా కొద్దికొద్దిగా తాగు, ఒక్కసారే కాదు. బీపీ ఉన్నోళ్లు, గుండె, కిడ్నీ రోగాలున్నోళ్లు ఇది జూసి చెయ్యొద్దు.

టౌన్ భాయ్, మహబూబ్‌నగర్
సిస్టర్ చెప్పింది సహీ. రంజాన్‌ల మొదటి రెండు రోజాలు మా ఇంట్ల అందరికీ మాపటి అసర్ నమాజ్ టైముకు తలకాయ పట్టుకునుడే. మా అబ్బా రంజాన్‌కు పది రోజుల ముందు సంది చాయ తగ్గిస్తడు, ఆరున్నకాడ మూడు, మూడున్నకాడ ఒకటి. ఆయనకు నొప్పి రాదు. నేను తగ్గియ్య, నాకొస్తది. ఇంకో మాట, మా దగ్గర బీమారున్నోళ్లకు, సఫర్‌ల, అంటే ప్రయాణంల ఉన్నోళ్లకు రోజా ఇడిచే ఛూట్ ఉంది, తర్వాత పూర్తి చేసుకోవచ్చు. ఓర్సుకొని పడిపొమ్మని ఎవ్వరు చెప్పలే.

మర్రిగూడ ముచ్చట
నడిమిట్ల వస్తున్న, ఏమనుకోకుండ్రి. నాలుగు లీటర్లు తాగినవ్ గదా, ఏ నీళ్లు? మాది మర్రిగూడ మండలం, బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తోటి కాళ్లు ఒంకరవోయిన ఊళ్లు ఎట్లుంటయో నన్నడుగు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ఎక్కువ అన్నట్టు. అది గూడ ఉత్త కడుపు మీద ఎక్కువ గుంజుకుంటది, తిండిల కాల్షియం ఉంటే కొంత అడ్డుపడతది. లంకణం అని చెప్పి బోరు నీళ్లు బిందెలకు బిందెలు తాగొద్దు. భగీరథ నల్లా నీళ్లు పట్టుకో.

మిల్లు పోరడు
నల్లా నీళ్లే అన్నా.

గట్టు భక్తుడు
అందరు ఒక్కటైండ్రు. సరే, కొలనుపాక మన పాత జిల్లాలనే గదా, జైనుల పెద్ద క్షేత్రం. వాళ్లు పర్యూషణం పండుగల అఠాయి అని ఎనిమిది రోజులు ఉంటరు. కాచిన నీళ్లే, అవి గూడ పొద్దుగూకేలోపటనే. ఉప్పు లేదు, చాయ లేదు. వాళ్లు బతుకుతలేరా? ఇగ మీకు శాస్త్రమే కావాల్నంటే, లంకణంల కణాలు తమ చెత్తను తామే తింటయని కనిపెట్టినందుకు 2016ల జపాన్ ఆయనకు నోబెల్ ఇచ్చిండ్రు. మురికి లేదంటున్న సిస్టరమ్మ దీనికేమంటది?

వనపర్తి విద్యార్థి
ఆ జపాన్ ఆయన, ఓసుమి, పని జేసింది ఈస్టు మీద అన్నా, పిండి పులిసే ఈస్టు. కణం తన పాత సామాన్లను విరగ్గొట్టి మళ్ల వాడుకునే ఏర్పాటు ఎట్ల నడుస్తదో, ఏ జన్యువులు నడిపిస్తయో చూపిచ్చిండు. మనిషి 72 గంటలుంటే రోగాలు పోతయని గాని, అప్పుడు తల నొస్తదని గాని ఆయన చెప్పలే. వీడియోలు చేసెటోళ్లు ఆ నోబెల్‌ను మా ఊరి జాతరల బొమ్మ లెక్క ఊరేగిస్తుండ్రు.

జైనుల మాట మాత్రం నిజమే, కొట్టిపారేయలేం. కాని అఠాయి ఉన్నోళ్లు ఆ దినాలు ప్రార్థనల కూసుంటరు. మిల్లుల బస్తాల నడుమ తిరుగరు. మొదటిసారే ఎనిమిది రోజులకు దిగెటోళ్లు గూడ తక్కువ.

టౌన్ భాయ్, మహబూబ్‌నగర్
ఓఆర్ఎస్ తాగితే అయిపోతది గదా? ఎందుకింత లొల్లి.

వనపర్తి విద్యార్థి
లీటరు ప్యాకెట్‌ల 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటది భాయ్, ఉప్పు 2.6 గ్రాములు. లంకణం లెక్కల అది తిన్నట్టే. కళ్లు తిరిగి పడిపోయే పరిస్థితుంటే మాత్రం లెక్కలు పక్కకు పెట్టి తాగాల్సిందే.

సిస్టరమ్మ, పాలమూరు
అది నేను చెప్పాల్సిన మాట. ఇంకో రెండు.

ఉత్త కడుపు మీద నొప్పి గోలీలు మింగకు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అసలొద్దు, కడుపుల పుండు పడతది, నీళ్లు తగ్గిన ఒంట్ల కిడ్నీలకు గూడ దెబ్బ. పారాసిటమాల్ మంచిదని రెండు మూడు ఏసుకుంటరు, పస్తున్నప్పుడు కాలేయానికి దాన్ని విరుగజేసే సరుకు తక్కువుంటది.

ఒకసారి శివరాత్రికి మా వార్డుకు ఒకాయన్ని తెచ్చిండ్రు. షుగర్ గోలీ ఏసుకున్నడు, తిండి మాత్రం తినలే. తలనొప్పి, చెమటలు, తర్వాత మాట తడబడ్డది. ఇంటోళ్లు గూడ జాగారం బడలికనే అనుకున్నరు. గ్లూకోజ్ ఎక్కించినంక పావుగంటల లేచి కూసొని నాకేమైందని మమ్ములనే అడిగిండు. ఇంకింత ఆలస్యమైతే ఏమైతుండెనో. షుగర్ మందులు వాడేటోళ్లు, గర్భంతోటున్నోళ్లు ఈ ముచ్చట్లు చదివి లంకణాలకు దిగొద్దు. కక్కులు, గుండె దడ, తికమక మాటలు, సొమ్మసిల్లుడు: ఈ నాలుగిట్ల ఒక్కటి కనవడ్డా ఆపి దవాఖానకు పోవాలె.

మిల్లు పోరడు
ఏమైందో చెప్త. మొన్న మాపటికి ఉప్పు నీళ్లు మొదలుపెట్టిన. గంటన్నరల చీకట్లు తగ్గినయ్. తలనొప్పి సగం తగ్గింది, సగం అట్లనే ఉన్నది. రాత్రి నిద్ర పట్టలే. తెల్లారి ఆగలేక పాలు, చక్కెర లేకుండ అర గ్లాసు డికాషన్ తాగిన. ముప్పావు గంటల నొప్పి పోయింది. సిస్టరక్క చెప్పినట్టే.

72 మాత్రం కాలే. 58 గంటలకు మిల్లు మెట్లెక్కుతుంటే కాళ్లు వణికినయ్, దిగి ఇంటికొచ్చిన. అమ్మ పల్చటి సల్ల ఇచ్చింది, గంటాగి జొన్న అంబలి. పేలపిండి రెండో రోజు తిన్న. మల్లోసారైతే వారం ముందే చాయ తగ్గించి, మిల్లుకు సెలవు పెట్టి, ఒక్క రోజుతోనే మొదలుపెడత.

గట్టు భక్తుడు
చాయ తాగినవంటే లంకణం ఆడ్నే చెడ్డది. 58 గంటలు అని రాసుకోకు.

మిల్లు పోరడు
రాసుకోనన్నా.

గట్టు భక్తుడు
సిస్టరమ్మా, ఒకటడుగుత. మామూలు ఉప్పు కాదు, సైంధవ లవణం. ఉపవాసంల అది నడుస్తదంటరు. వచ్చే ఏకాదశికి నీళ్లల్ల అది ఏసుకుంటే?

సిస్టరమ్మ, పాలమూరు
ఏసుకో అన్నా. రెండిట్ల ఉన్నది ఆ సోడియమే. ముందుగాల బీపీ చూపించుకో.