వింగెడ్ ఫుట్ 18వ హోల్: మికెల్సన్‌ది తెగువా, తిక్కా?

నాలుగోవుడ్:
2006లో వింగెడ్ ఫుట్ గోల్ఫ్ క్లబ్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌ని ఫిల్ మికెల్సన్ పోగొట్టుకున్న తీరుని ఇంకా "అదే ఫిల్ అందం" అంటున్నారు కాబట్టి లెక్క చెప్తా. ఆఖరి హోల్, పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సింది), 450 గజాలు. చేతిలో ఒక్క షాట్ ఆధిక్యం. పార్ కొడితే కప్పు. బోగీ (పార్ కంటే ఒకటి ఎక్కువ) అయినా జెఫ్ ఒగిల్వీతో మర్నాడు 18 హోళ్ల ప్లేఆఫ్. ఆ రోజు తొలి షాట్ పడాల్సిన 14 ఫెయిర్‌వేల్లో (కత్తిరించిన గడ్డి దారులు) దొరికినవి రెండే. బ్యాగులో 4-వుడ్ (దూరం కాస్త తక్కువ, అదుపు ఎక్కువ ఉన్న క్లబ్) పెట్టుకుని డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) తీశాడు. 4-వుడ్‌తో 240 పోయినా మిగిలేది 210. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ముందు ఆపి, వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) కొట్టి, రెండు పట్‌లు (గ్రీన్ మీద దొర్లించే షాట్లు) వేస్తే 5. ఇందులో అందం ఎక్కడుంది?

గోల్కొండ బంకర్:
మీరు పట్టుకున్నది తప్పు షాట్ అండీ. ఆ హోల్ ఎడమకు వంగుతుంది. మికెల్సన్‌లా ఎడంచేత్తో ఆడేవాడి ఫేడ్ (గాల్లో కొద్దిగా వంగే షాట్) కూడా ఎడమకే తిరుగుతుంది, కాబట్టి డ్రైవర్‌కి కారణం ఉంది. ఫేస్ (క్లబ్ ముఖం) మరీ తెరుచుకుని ఫేడ్ కాస్తా స్లైసై (మరీ వంకరపోయి), అతిథుల టెంటు మీద పడింది. అయినా అప్పటికి కొంప మునగలేదు. ముంచింది రెండో షాట్. ఫెయిర్‌వేలోకి పక్కకి పొడిస్తే చాలు: మూడోది గ్రీన్ మీదికి, రెండు పట్‌లు, ప్లేఆఫ్. చెట్టు చుట్టూ 3-ఐరన్‌తో (దూరం కొట్టే ఇనుప క్లబ్) తిప్పబోయాడు. చెట్టుకే తగిలి పాతిక గజాలు పోయింది. మూడోది బంకర్లో (ఇసుక గుంట) పూడుకుపోయింది. పూడిన బంతికి, ఫేస్‌కి మధ్య ఇసుకే ఉంటుంది, స్పిన్ ఎక్కదు. అందుకే గ్రీన్ దాటి దొర్లింది. చిప్, పట్, 6.

నాలుగోవుడ్:
4-వుడ్ తీసుంటే ఆ రెండో షాట్ అవసరమే రాదుగా.

పట్టర్ పంతులు:
"నేనెంత మూర్ఖుణ్ణి" అని ఆయనే ఒప్పుకున్నాడు. మీరెందుకు కొట్టుకుంటారు?

వెడ్జ్ పిచ్చోడు:
జనం వచ్చేది డ్రైవర్ కోసం కాదు, ఫ్లాప్ (దగ్గర్నుంచి బంతిని బాగా ఎత్తుకి లేపే షాట్) కోసం. 60 డిగ్రీల వెడ్జ్, ఫేస్ ఆకాశం చూసేలా తెరిచి, బంతి ముందు కాలికి ఎదురుగా, బరువూ ఆ కాలి మీదే. మణికట్టు ముందే మడిచి, దిగేటప్పుడు వేగం తగ్గించకూడదు. బంతి కింద గడ్డి లేకపోతే మాత్రం వద్దు. బౌన్స్ (వెడ్జ్ అడుగున ఉండే ఉబ్బు) నేలకి కొట్టుకుని ఎగిరి, అంచు బంతి నడుముకి తగులుతుంది. గ్రీన్ అవతల వెతుక్కోవాలి.

గోల్కొండ బంకర్:
అదే 18లో అదే రోజు కోలిన్ మాంట్‌గోమరీ ఫెయిర్‌వేలోంచి 7-ఐరన్ కొట్టి డబుల్ బోగీ (పార్ కంటే రెండు ఎక్కువ) చేశాడు. క్లబ్ ఎంపికలో ఆయనా తప్పాడు. ఆయన మీద ఇంత చర్చ ఎక్కడైనా చూశారా? 2010 మాస్టర్స్ 13లో రెండు చెట్ల మధ్య నుంచి 6-ఐరన్ వాగు దాటించినవాడూ, ఈ 3-ఐరన్ కొట్టినవాడూ ఒక్కడే. ఒకటి ఉంచుకుని ఇంకోటి పారేయలేం.

నాలుగోవుడ్:
ఆ 13లో నాలుగడుగుల ఈగిల్ (పార్ కంటే రెండు తక్కువ) పట్ వదిలేశాడు. దక్కింది బర్డీయే (ఒకటి తక్కువ). అదెవరూ చెప్పరు.

గోల్కొండ బంకర్:
మూడు షాట్ల తేడాతో గెలిచాడు స్వామీ! మీ కోపం 4-వుడ్ మీద కాదు. 2022లో సౌదీ డబ్బుతో పెట్టిన లివ్ గోల్ఫ్ లీగ్‌కి వెళ్లాడని. 2022కి ముందు మీ పోస్టుల్లో ఇదే వింగెడ్ ఫుట్ "వీరోచితం".

నాలుగోవుడ్:
అవును, అదే. 2021లో 50 ఏళ్లకి కియావాలో పీజీఏ చాంపియన్‌షిప్ కొట్టి, 48 ఏళ్ల వయసులో మేజర్ (పెద్ద టోర్నీ) గెలిచిన జూలియస్ బోరోస్ రికార్డు చెరిపాడు. జనం తాళ్లు దాటి వెంటపడ్డారు. మరుసటేడు ఆ టైటిల్ నిలుపుకోవడానికి కూడా రాలేదు. లెక్క చూసుకోనివాడనే కదా ఇష్టపడ్డాం? అంత పెద్ద లెక్క చూసుకున్నాక, టీ (తొలి షాట్ కొట్టే చోటు) మీద ఆ అమాయకత్వం నమ్మమంటారా?

వెడ్జ్ పిచ్చోడు:
2023 మాస్టర్స్ ఆఖరి రౌండ్ 65, వయసు 52, రెండో స్థానం. అది లివ్‌కి వెళ్లాకే.

గోల్కొండ బంకర్:
డబ్బు విషయంలో మీతో వాదించను, నాకూ నచ్చలేదు. షాట్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. తప్పు 3-ఐరన్‌ది.

నాలుగోవుడ్:
4-వుడ్.