బ్రెడ్డు పిండి: స్టాండ్ మిక్సర్‌లో కలపాలా, చేత్తో పిసకాలా?

కూకట్‌పల్లి వంటిల్లు:
మూడేళ్లుగా వారానికోసారి ఇంట్లోనే బన్నులు చేస్తున్నాను. ఇన్నాళ్లూ చేత్తోనే కలిపాను. పోయిన నెల స్టాండ్ మిక్సర్ కొన్నాం. కొలతలు మార్చలేదు: అరకిలో మైదా, పాలు నీళ్లు కలిపి 320 మిల్లీలీటర్లు, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 9 గ్రాముల ఉప్పు, చక్కెర, వెన్న 40 గ్రాముల చొప్పున. మిక్సర్‌ను 4వ స్పీడులో పావుగంట తిప్పాను. పిండి నిగనిగలాడుతూ గిన్నెకు అతుక్కుపోయింది, ఎత్తితే సాగకుండా తెగిపోయింది. గంట పొంగాల్సింది ముప్పావుగంటలోపే పొంగి, బన్నులు పైకి లేవకుండా పక్కలకు పరుచుకున్నాయి. రెండుసార్లు ఇదే జరిగింది. "పిండికి చెయ్యి తగలాలమ్మా" అంటున్నారు మా అత్తగారు. మిషన్ నిజంగా పిండిని పాడు చేస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

గోదారి గట్టు:
మీ అత్తగారి మాటే నా మాట. చేత్తో పిసికేటప్పుడు పిండి ఎప్పుడు బిగిసిందో, ఎప్పుడు మెత్తబడిందో అరచేతికి తెలుస్తుంది. ఇంకో చెంచా నీళ్లు కావాలా వద్దా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. మిషన్‌కి ఆ జ్ఞానం లేదు. పైగా మనింట్లో ఒకసారికి కలిపేది పావుకిలో, అరకిలో. పావుకిలో పిండి వేస్తే పెద్ద గిన్నెలో పిండి కలిపే హుక్‌కు అందనే అందదు, ఒక పక్కన ముద్దగా తిరుగుతూ ఉంటుంది. ఇంకో సంగతి, చేత్తో ఎంత పిసికినా పిండి చెడదు. అంతకంటే ముందు మన చేతులే అలిసిపోతాయి. మీకు తెగిపోయింది మిషన్ వల్లే.

డల్లాస్ నుంచి:
గోదారి గట్టు గారూ, మీరంటే గౌరవమే, కానీ ఈ మాట ఒప్పుకోలేను. నాకు రెండు మణికట్లూ నొప్పి. డాక్టరు పిండి పిసకొద్దన్నారు. మిక్సర్ లేకపోతే నా పిల్లలకు ఇంటి బ్రెడ్డు ఉండేదే కాదు. అసలు ఈ యంత్రం పుట్టిందే ఆ కష్టం చూసి. 1908లో హెర్బర్ట్ జాన్‌స్టన్ అనే ఇంజనీరు, ఒక బేకరు ఇనుప గరిటెతో పిండి కలపడానికి పడుతున్న అవస్థ చూసి దీని గురించి ఆలోచించాడు. ముందు బేకరీలకు పెద్ద మిక్సర్ వచ్చింది, ఇళ్లకు చిన్నది 1919లో వచ్చింది. ఇక బ్రియోష్ లాంటి వెన్న బ్రెడ్డు చేయాలంటే అరకిలో పిండికి పావుకిలో వెన్న పడుతుంది. చేత్తో కలిపితే అరచేతి వేడికి వెన్న కరిగి జారిపోతుంది. అక్కడ మిక్సరే దిక్కు.

బెజవాడ బేకరీ పని:
పన్నెండేళ్లుగా బేకరీలో పిండి దగ్గరే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇద్దరూ చేతుల గురించే మాట్లాడుతున్నారు, పిండి వేడి గురించి ఎవరూ అడగలేదు.

కూకట్‌పల్లి గారూ, మీరు రాసింది చూస్తే మీ పిండి వేడెక్కింది, పైగా స్పీడు ఎక్కువై అతిగా కలిసింది. మైదాలో ఉండే రెండు రకాల ప్రోటీన్లు నీళ్లు తగలగానే కలిసి గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటాయి. ఈస్ట్ వదిలే గాలి ఆ వలలోనే నిలుస్తుంది. ఎక్కువ స్పీడులో, వేడిలో పావుగంట తిప్పితే ఆ వల తెగుతుంది. పట్టుకున్న నీటిని వదిలేస్తుంది. మీకు కనిపించిన నిగనిగ, ఆ జిగురు అదే.

కలపడం పూర్తయ్యేసరికి పిండి 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మా దగ్గర ఒక లెక్క ఉంది. 26ని మూడుతో గుణిస్తే 78. అందులోంచి గది వేడి, పొడి మైదా వేడి తీసేయాలి. ఈ ఎండల్లో రెండూ 34 అనుకోండి, మిగిలేది 10. మిక్సర్ రాపిడికి ఇంకో 10 తీసేస్తే సున్నా. అంటే పాలు, నీళ్లు మంచులా చల్లగా ఉండాలి. కుళాయి నీళ్లతో కలిపితే మొదటి నిమిషం నుంచే తేడా. ఎండాకాలంలో మేము నీళ్లలో ఐస్ వేస్తాం, దాన్ని కూడా కొలతలోనే తూస్తాం. మీరు మైదాను రాత్రే ఫ్రిజ్‌లో పెట్టుకున్నా చాలావరకు సరిపోతుంది. చేత్తో కలిపినప్పుడు ఈ రాపిడి వేడి చాలా తక్కువ, అందుకే మూడేళ్లూ తేడా తెలియలేదు.

ఇక రెండో విషయం. ఎంత పిసికితే అంత మంచిదన్న నమ్మకం. బొబ్బట్ల తోపు గుర్తు తెచ్చుకోండి. దాన్ని గంటసేపు ఎవరూ పిసకరు. మెత్తగా కలిపి, నూనె పోసి రెండు మూడు గంటలు వదిలేస్తారు. తర్వాత చూస్తే వేలితో లాగినా తెగదు. నానితే వల తనంతట తనే అల్లుకుంటుంది. బ్రెడ్డుకూ అంతే. ముందు పిండి, పాలు, నీళ్లు మాత్రం కలిపి 20 నిమిషాలు వదిలేయండి. మన ఎండకు ఆ ముద్దను ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఫ్రెంచి బేకరీ గురువు రేమండ్ కాల్వెల్ 1974లో ఈ పద్ధతినే ఆటోలిజ్ పేరుతో నేర్పాడు. మన పెద్దవాళ్లు పేరు పెట్టకుండానే చేశారని నాకనిపిస్తుంది. ఆ తర్వాత ఈస్ట్, ఉప్పు, చక్కెర వేసి 2వ స్పీడులో ఆరేడు నిమిషాలు. వెన్న ఆఖర్న, కొంచెం కొంచెంగా. మొదట్లోనే వేస్తే పిండి రేణువులకు కొవ్వు పట్టి, వల సరిగ్గా అల్లుకోదు.

ఐదో నిమిషంలో ఆపి నిమ్మకాయంత ముద్ద తీయండి. రెండు చేతుల వేళ్లతో మెల్లగా లాగండి. అవతలి వెలుతురు కనిపించేంత పలచగా సాగితే దాదాపు అయిపోయినట్టే. గడియారం చూసి ఆపకండి.

గోదారి గట్టు:
తోపు సంగతి నిజమే, నేను ఆలోచించలేదు. అయితే ఆ లెక్క ప్రకారమే మిషన్ అవసరం ఇంకా తగ్గుతుంది కదండీ? 20 నిమిషాలు నానితే చేత్తో ఐదారు నిమిషాలు పిసికితే చాలు. దానికి ఇన్ని వేలు పోయడం ఎందుకు? మా ఆడపడుచు మిక్సర్‌లో చపాతీ పిండి కలిపి ఏడాదికే లోపలి పళ్లచక్రం అరగదీసింది.

బెజవాడ బేకరీ పని:
పావుకిలోకి అయితే చెయ్యే మేలు, అక్కడ మీతో వాదించను. కానీ కిలో పిండికో, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకో ఆ మాట చెప్పలేం. చపాతీ పిండి బ్రెడ్డు పిండి కంటే గట్టిది, చిన్న మిక్సర్ దాన్ని మోయలేదు. కొన్నిటిలో మోటారు కాలకుండా ఉండాలని ఒక చక్రాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. బరువు ఎక్కువైతే ముందు అదే పోతుంది.

కూకట్‌పల్లి వంటిల్లు:
నిన్న చేశాను. మైదా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను, పాలు చల్లవి, నానబెట్టింది ఫ్రిజ్‌లోనే. 2వ స్పీడు, ఏడు నిమిషాలు. థర్మామీటర్ గుచ్చితే 27. ముద్ద తీసి మా అత్తగారికే ఇచ్చాను. కిటికీ దగ్గరికి వెళ్లి లాగి చూశారు. పొరలోంచి బయటి వేపచెట్టు మసకగా కనిపించింది. బన్నులు గుండ్రంగా లేచాయి. ఆవిడ మాత్రం ఆఖరి నిమిషం చేత్తో పిసకాల్సిందేనంటున్నారు, నాకూ అది బాగుంది. సగం మైదా, సగం గోధుమపిండి వేస్తే నీళ్లు పెంచాలా?

బెజవాడ బేకరీ పని:
పెంచాలి. చక్కీలో ఆడించిన పిండి ఎక్కువ నీళ్లు తాగుతుంది. అరకిలోకి 30 మిల్లీలీటర్లు ఎక్కువ పోసి మొదలుపెట్టండి, అరగంట నాననివ్వండి, ఆ తర్వాతే మిక్సర్ వేయండి.